మా నాయన చేతి పైలట్

మా నాయన డ్రిల్ మాస్టరు. హిందూపురం, మడకశిర చుట్టుపక్కల ఉన్నత పాఠశాలల్లో ముప్పై రెండేళ్ళు పిల్లల్ని పరిగెత్తించాడు. ఆయన ఎడమ చేతికి ఎప్పుడూ ఒక హెచ్‌ఎంటీ పైలట్ వాచీ ఉండేది. డయలు మణికట్టు లోపలి వైపుకు వచ్చేలా తిప్పి కట్టుకునేవాడు. నల్ల డయలు, తెల్ల అంకెలు, చీకట్లో లేత పచ్చగా మెరిసే ముళ్ళు. నాకు మూడేళ్ళప్పుడు, 1979లో, కొన్నాడట. 2019లో ఆయన పోయేదాకా ఆ చేతికి ఇంకో వాచీ ఎక్కలేదు. ఇప్పుడది నా బల్ల మీద ఉంది. దాన్ని బాగు చేయించే పనిలో పడి, ఈ నాలుగు నెలల్లో హెచ్‌ఎంటీ గురించి దొరికిందల్లా చదివాను. ఆ కంపెనీలో పనిచేసిన మా అత్తను కూర్చోబెట్టి గంటల తరబడి అడిగాను. అదంతా ఒకచోట రాసిపెట్టుకోవాలనిపించింది.

స్పోర్ట్స్ వాచీ అంటే ఇప్పుడు గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో, పొద్దున్నుంచి ఎన్ని అడుగులు వేశామో చెప్పేది. అప్పట్లో అయితే స్టాప్‌వాచీ మీటలున్న క్రోనోగ్రాఫ్, లేదంటే నీళ్ళలోకి దూకినా ఏమీ కాని డైవింగ్ వాచీ. రెండూ విదేశాల సరుకే. డ్రిల్ మాస్టరు జీతానికి అందేవి కావు. ఒకవేళ అందినా స్మగ్లింగ్ సరుకు అమ్మేవాళ్ళ దగ్గర కొనాలి, చెడిపోతే దాని సామాను దొరకదు. అందుకే మా నాయనకూ ఆయన తోటి వ్యాయామ ఉపాధ్యాయులకూ పైలట్టే స్పోర్ట్స్ వాచీ. కంపెనీ దాన్ని ఆ పేరుతో అమ్మకపోయినా మా గ్రౌండ్లలో దాని ఉద్యోగం అదే. డయలు నల్లగా ఉండటం వల్ల మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా తెల్ల ముల్లు స్పష్టంగా కనబడేది. సన్నటి సెకన్ల ముల్లు అంచున ఉన్న గీతల దాకా సాగేది. అడ్డంగా 35 మిల్లీమీటర్ల చిన్న వాచీ కాబట్టి వాలీబాల్ ఆడుతున్నా చేతికి అడ్డం వచ్చేది కాదు.

వంద మీటర్ల పరుగుకు ఆయన టైం చూసే పద్ధతి ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది. స్కూల్లో స్టాప్‌వాచీ ఒకటి ఉండేది గానీ చెడిపోయి బీరువాలో పడి ఉండేది. అందుకని ఆయన గమ్యం గీత దగ్గర నిలబడి కుడి చేత్తో ఎర్ర తువ్వాలు పైకెత్తి పట్టుకునేవాడు. కళ్ళు మాత్రం ఎడమ మణికట్టు మీదే. సెకన్ల ముల్లు పన్నెండు మీదికి రాగానే తువ్వాలు కిందికి విసిరేవాడు. అవతల వంద మీటర్ల దూరంలో పిల్లలు ఆ తువ్వాలు చూసి లేచేవాళ్ళు. గీత మీద ఇంకో పిల్లవాడు నిలబడి, ఛాతీ గీత దాటగానే "ఆ!" అని అరిచేవాడు. నాయన తల ఎత్తకుండానే అంకె చెప్పేవాడు.

"ఈల ఎందుకు వేయవు నాయనా?" అని ఒకసారి అడిగాను.

"శబ్దం సెకనుకు మూడు వందల నలభై మీటర్లే పోతుంది రా. నా ఈల వాళ్ళ చెవిన పడే లోపల సెకనులో మూడో వంతు అయిపోతుంది. అంత టైం వాళ్ళ లెక్కలో ఎందుకు పడాల? తువ్వాలైతే ఊపంగానే కనబడుతుంది."

ఫిజిక్సు మా క్లాసులో మొదలుకాక ముందే నాకు ధ్వని వేగం తెలుసు. అది ఆ వాచీ పుణ్యం.

పైలట్ లోపల ఉండే యంత్రం పేరు 020. జపాన్ సిటిజన్ కంపెనీ రూపకల్పనను తీసుకుని హెచ్‌ఎంటీ మన దగ్గర తయారుచేసింది. పదిహేడు రాళ్ళు. పాత డయళ్ళ మీద ఉండే "17 జువెల్స్" అంటే ఆ లెక్కే. అవి నగల్లో పొదిగే రకం కావు, చక్రాల ఇరుసులు అరగకుండా తిరగడానికి కూర్చిన కృత్రిమ కెంపులు. పక్కనే "పారాషాక్" అని ఉంటుంది. లోపల అటూ ఇటూ ఊగుతూ టైం నడిపే చక్రాన్ని బ్యాలెన్స్ అంటారు. వాచీ కింద పడినప్పుడు ఆ బ్యాలెన్స్ చక్రం ఇరుసు విరగకుండా కాపాడే చిన్న స్ప్రింగు ఏర్పాటుకు సిటిజన్ పెట్టిన పేరది. ఆ యంత్రం గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకు అయిదు. కాబట్టి సెకన్ల ముల్లు ఒక్కో సెకనును అయిదు చిన్న గెంతుల్లో దాటుతుంది. బాగా అలవాటైన కన్ను సెకనులో అయిదో వంతు దాకా చదవగలదు. అది తక్కువేమీ కాదు. పాతకాలం ఒలింపిక్స్‌లో చేతి స్టాప్‌వాచీలు కూడా అయిదో వంతుల్లోనే లెక్క చెప్పేవి. 1924 పారిస్‌లో హెరాల్డ్ అబ్రహామ్స్ వంద మీటర్లు గెలిచిన టైం పది సెకన్లా మూడు బై అయిదు. మా నాయన తన నోటు పుస్తకంలో మా స్కూలు పిల్లల టైములు కూడా అలాగే రాసేవాడు: 12 2/5, 13 1/5. ఆ భిన్నాలను చూసి చాలా ఏళ్ళు అది ఆయన సొంత అలవాటు అనుకున్నాను.

ఒక్క లోటు ఉండేది. పైలట్‌లో కీ బయటికి లాగితే గంటల, నిమిషాల ముళ్ళు తిప్పుకోవచ్చు గానీ సెకన్ల ముల్లు ఆగదు, దాని దారిన అది పోతూనే ఉంటుంది. సైన్యం కోసం చేసిన జవాన్ మోడల్‌లో అయితే ఆగుతుంది. నాయనకు జవాన్ మీద ఆశ ఉండేది. దొరక్క, పైలట్‌తోనే ఒక ఉపాయం పట్టాడు. కీ లాగి, ముళ్ళను వెనక్కి తిప్పుతున్నట్టు మెత్తగా ఒత్తి పట్టుకుంటే సెకన్ల ముల్లు కాసేపు నిలబడుతుంది. పొద్దున రేడియో వార్తల ముందు అలా పట్టుకుని కూర్చుని, టైం చెప్పగానే వదిలేవాడు. ఆ అరనిమిషం ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు.

హెచ్‌ఎంటీ అంటే హిందుస్థాన్ మెషిన్ టూల్స్. 1953లో బెంగళూరు జలహళ్ళిలో, స్విట్జర్లాండ్ ఓర్లికాన్ కంపెనీ సాంకేతిక సాయంతో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. లేత్ మెషిన్లు, మిల్లింగ్ మెషిన్లు చేయడానికి పుట్టిన కంపెనీ అది. యంత్రాలను చేసే యంత్రాలు చేయడం వాళ్ళ పని. గడియారాలు తర్వాత వచ్చాయి. 1961లో సిటిజన్‌తో ఒప్పందం మీద చేతి గడియారాలు మొదలుపెట్టారు. మొదటి విడత వాచీలను నెహ్రూ విడుదల చేశారు. మెషిన్ టూల్స్ కంపెనీ వాచీలు చేయడం వింతగా అనిపించవచ్చు గానీ, ఒకవిధంగా రెండూ ఒకటే పని. మిల్లీమీటరులో వందో వంతు తేడా రాకుండా ఇనుమును కోయగలిగినవాడే వాచీ చక్రం పళ్ళు కోయగలడు. హెచ్‌ఎంటీ బలం అక్కడుంది. బలహీనత కూడా అక్కడే ఉందని నాకనిపిస్తుంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు హెచ్‌ఎంటీవే. జనతా, పైలట్, సోనా, కోహినూర్, సుజాత, రజత్. గుండెకాయ బయటికి కనబడే ఝలక్. చూపు లేనివాళ్ళు మూత తెరిచి ముళ్ళను వేలితో తడిమి టైం చూసుకునే బ్రెయిలీ వాచీ. పెళ్ళికొడుకులు అడిగి మరీ కట్నంలో పెట్టించుకున్న ఆటోమేటిక్ కాంచన్. పెళ్ళిళ్ళ కాలంలో కాంచన్ అసలు ధరకు దొరికేది కాదు, బ్లాకులో కొనాల్సి వచ్చేది. "దేశానికి టైం చెప్పేవాళ్ళం" అని వాళ్ళు ప్రకటనల్లో చెప్పుకున్నారు, అది నిజం కూడా. మొత్తం మీద పది కోట్లకు పైగా గడియారాలు చేశారు.

ఆ పేరు ఎంత దూరం పోయిందంటే, తెలంగాణలో ఇప్పటికీ బియ్యం దుకాణంలో "హెచ్‌ఎంటీ ఉన్నాయా?" అని అడుగుతారు. ఆ సన్నబియ్యం పేరు ఈ వాచీదే. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో దాదాజీ ఖోబ్రగడే అనే చిన్న రైతు 1983లో తన పొలంలో కొన్ని కంకులు వేరుగా ఉండటం గమనించాడు. వాటిని విడిగా దాచి, ఏళ్ళ తరబడి ఎంచి ఎంచి ఒక వంగడం తయారుచేశాడు. దానికి పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు అందరి చేతికీ ఉన్న వాచీ పేరు పెట్టారు. ఆయన 2018లో పోయారు. వాచీ కంపెనీ మూతబడిన తర్వాత కూడా ఆ రైతు వడ్లు పండుతూనే ఉన్నాయి. నాకు ఈ సంగతి తెలిసిన రోజు అన్నం ముందు కూర్చుని కాసేపు అలాగే ఉండిపోయాను.

ఇక మా అత్త. మా మేనమామ భార్య. 1980ల మొదట్లో తుమకూరు హెచ్‌ఎంటీ ఫ్యాక్టరీలో చేరింది. బెంగళూరు చాలక 1970లలో శ్రీనగర్‌లో, తుమకూరులో, ఆ తర్వాత 1985లో నైనితాల్ దగ్గర రాణిబాగ్‌లో వాచీ ఫ్యాక్టరీలు పెట్టారు. మాకు తుమకూరు దగ్గర. హిందూపురంలో బస్సెక్కితే మధుగిరి, కొరటగెరె మీదుగా మధ్యాహ్నానికి చేరేవాళ్ళం. వేసవి సెలవుల్లో నెల రోజులు అక్కడే. అత్త సాయంత్రం షిఫ్టు నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, మొదట అయిదు నిమిషాలు దూరంగా ఉన్న చింతచెట్టు వైపు చూస్తూ కూర్చునేది. ఎందుకని అడిగితే "కండ్లకు సెలవు" అనేది.

ఆమె పని అసెంబ్లీ. కంటికి భూతద్దం పెట్టుకుని, పట్టకారుతో బ్యాలెన్స్ చక్రాన్ని దాని చోట దించడం. బ్యాలెన్స్‌కు అంటుకుని వెంట్రుక కన్నా సన్నటి హెయిర్ స్ప్రింగు ఉంటుంది. దాన్ని ముట్టుకోవాల్సిన చోటు ఒకటే. ఇంకో చోట ముట్టుకుంటే వంకర పోతుంది. ఇంకా ఊపిరి సంగతి ఉంది. "చక్రం దించేటప్పుడు ఊపిరి బిగబట్టేదాన్ని. దిగింది అనిపించినాక వదిలేదాన్ని. రోజంతా అట్లనే" అంది మొన్న. వాళ్ళ హాల్లో ఎక్కువమంది ఆడవాళ్ళేనట. దుమ్ము రాకుండా తలుపులు మూసి, తలకు గుడ్డ కట్టుకుని, చెప్పులు బయట విడిచి వెళ్ళేవాళ్ళు. తల్లిదండ్రులు పొలం పనికి పోయిన ఇళ్ళ నుంచి వచ్చిన అమ్మాయిలు, సెకనులో అయిదో వంతును పట్టకారుతో పట్టుకునే పనిలో ఆరితేరారు. ఈ దేశంలో వాచీ కథ చెప్పేవాళ్ళు మోడళ్ళ పేర్లు చెబుతారు, మంత్రుల పేర్లు చెబుతారు. ఆ చేతుల గురించి ఇంకా ఎక్కువ చెప్పాలి.

"మా నాయన వాచీ నువ్వు చేసిందేనా అత్తా?" అని చిన్నప్పుడు అడిగేవాణ్ణి. "కాదప్పా, మీ నాయన కొన్నప్పటికి నేను ఉద్యోగంలోనే లేను" అనేది. నాకు నిరాశగా ఉండేది. కాస్త అబద్ధం చెప్పి ఉండొచ్చు కదా అనిపించేది. అత్త అబద్ధం చెప్పదు.

1984 ఆగస్టు నాకు బాగా గుర్తు. లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్, 400 మీటర్ల హర్డిల్స్, పి.టి. ఉష. నాయన పేపర్ తెచ్చి వరండాలో కూర్చుని ఆ వార్త మళ్ళీ మళ్ళీ చదివాడు. ఉష టైం 55.42 సెకన్లు. మూడో స్థానంలో వచ్చిన రుమేనియా అమ్మాయి కొజోకారు టైం 55.41. సెకనులో వందో వంతు తేడాతో పతకం పోయింది. నాయన తన చేతి వైపు చూసుకుని "దీంతో చూసింటే ఇద్దరూ ఒకటే" అన్నాడు. చాలా బాధగా అన్నాడు. ఎనిమిదేళ్ళ పిల్లవాడిగా నాకు అర్థమైంది ఉష ఓడిపోయిందన్న బాధ మాత్రమే. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాటలో ఇంకో సంగతి కూడా ఉంది. సెకనును అయిదు ముక్కలు చేసే కాలం ఆ రోజుకే వెనకబడిపోయింది.

చేతి గడియారాల్లో ఆ మార్పు పేరు క్వార్ట్జ్. 1969 డిసెంబరు 25న జపాన్‌లో సీకో కంపెనీ మొదటి క్వార్ట్జ్ చేతి గడియారాన్ని అమ్మకానికి పెట్టింది. అప్పుడు దాని ధర చిన్న కారుతో సమానం. పదేళ్ళు తిరిగేసరికి దారిన పోయేవాడు కొనే ధరకు దిగింది. మామూలు క్వార్ట్జ్ వాచీలో స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. మా నాయన పైలట్ రోజుకు అరనిమిషం అటూ ఇటూ అయితే మంచి వాచీ అన్నట్టు. క్వార్ట్జ్‌కు నెలకు పావు నిమిషం. కీ ఇవ్వాల్సిన పని లేదు, సర్వీసింగ్ లేదు, రెండేళ్ళకోసారి సెల్ మార్చుకుంటే చాలు.

చాలామంది ఇక్కడ ఒక కథ చెబుతారు: హెచ్‌ఎంటీకి క్వార్ట్జ్ గురించి తెలియదు, కళ్ళు మూసుకుని కూర్చుంది, టైటాన్ వచ్చి తినేసింది అని. అది నిజం కాదు. టైటాన్ రాక ముందే హెచ్‌ఎంటీ క్వార్ట్జ్ వాచీలు చేసింది. హైదరాబాద్ ఆల్విన్ కూడా సీకో సాయంతో వాచీలు చేస్తుండేది. తెలియకపోవడం కాదు అసలు సమస్య. కీ వాచీల మీద గిరాకీ తగ్గలేదు, ఫ్యాక్టరీల నిండా వాటిని చేసే మెషిన్లున్నాయి, వాటి దగ్గర వేలమంది ఉన్నారు. క్వార్ట్జ్ అప్పటికి ఖరీదు. పల్లెలో సెల్ అయిపోతే ఎక్కడ మార్చుకుంటాడు? మన జనానికి కీ వాచీనే కావాలి అనుకున్నారు. మా నాయనలాంటి వాళ్ళను చూస్తే ఆ లెక్క తప్పని అప్పుడు ఎవరూ అనలేరు. నేను ఆ కుర్చీలో ఉన్నా అదే లెక్క వేసేవాణ్ణి.

1984లో, ఉష పరిగెత్తిన ఆ ఏడాదే, టాటాలు తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కోతో కలిసి టైటాన్ పెట్టారు. జెర్క్సెస్ దేశాయ్ నాయకత్వం. హొసూరులో ఫ్యాక్టరీ, బెంగళూరు హెచ్‌ఎంటీకి బస్సులో గంటన్నర దూరం. 1987లో వాళ్ళ వాచీలు బజారుకొచ్చాయి, దాదాపు అన్నీ క్వార్ట్జే. వాళ్ళు వాచీని నగలా అమ్మారు. అద్దాల షోరూములు, మొజార్ట్ సంగీతంతో టీవీ ప్రకటన, పుట్టినరోజుకు కానుక. ఇందాక బలహీనత అన్నది ఇదే. హెచ్‌ఎంటీ వాచీని యంత్రంగా చూసింది. బాగా తిరగాలి, చాలా కాలం రావాలి, సామాన్యుడికి అందాలి. ఒకసారి కొన్నవాడు నలభై ఏళ్ళు ఇంకోటి కొనకపోతే అది వాళ్ళకు గర్వం. కంపెనీకి అది నష్టం. మా నాయన హెచ్‌ఎంటీకి ఇచ్చింది ఒక్క వాచీ డబ్బులే, నలభై ఏళ్ళలో.

శ్రీనగర్ సంగతి ఎక్కువమంది తలుచుకోరు. 1990 ఏప్రిల్‌లో అక్కడి హెచ్‌ఎంటీ ఫ్యాక్టరీ జనరల్ మేనేజర్ హెచ్.ఎల్. ఖేరాను తీవ్రవాదులు ఎత్తుకుపోయి చంపేశారు. ఆ ఫ్యాక్టరీ ఆ తర్వాత కోలుకోలేదు. ఆ వారం తుమకూరు హాల్లో భోజనం టైములో కూడా ఎవరూ మాట్లాడుకోలేదని అత్త చెప్పింది.

1991 తర్వాత విదేశీ వాచీలు వచ్చాయి, ఫుట్‌పాత్ మీద చవక చైనా క్వార్ట్జ్ వాచీలు వచ్చాయి. 2000 నాటికి వాచీల విభాగాన్ని హెచ్‌ఎంటీ వాచెస్ అని వేరే కంపెనీ చేశారు. అప్పటి నుంచి ఏటా నష్టమే. 2012-13లో నష్టం 242 కోట్ల రూపాయలు. 2014లో మూసేస్తారన్న వార్త రాగానే, పదేళ్ళుగా అటువైపు చూడని జనం హెచ్‌ఎంటీ షోరూముల ముందు క్యూ కట్టారు. 2016 జనవరి 6న కేంద్ర క్యాబినెట్ హెచ్‌ఎంటీ వాచెస్‌ను, శ్రీనగర్ ఫ్యాక్టరీ నడిపిన హెచ్‌ఎంటీ చినార్ వాచెస్‌ను మూసేయడానికి ఆమోదం తెలిపింది. మిగిలిన ఉద్యోగులకు 2007 జీతాల స్కేలు లెక్కగట్టి వీఆర్‌ఎస్ ఇచ్చారు. మా అత్త అంతకు ముందే బయటికి వచ్చేసింది. తుమకూరు ఫ్యాక్టరీ స్థలం ఇస్రోకు ఇచ్చారు. "పోనీలే, రాకెట్ల పనికి ఇచ్చినారు, అపార్ట్‌మెంట్లకు ఇయ్యలేదు" అంది అత్త. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖంలో నిజంగా సంతోషం ఉంది.

పేరు పూర్తిగా పోలేదు. అసలు కంపెనీ హెచ్‌ఎంటీ లిమిటెడ్ ఇప్పటికీ ఆ పేరు మీద కొన్ని వాచీలు అమ్ముతోంది. జలహళ్ళిలో 2019లో తెరిచిన మ్యూజియంలో పాత మోడళ్ళన్నీ పెట్టారు. లాల్‌బాగ్‌లో పూల గడియారం చూసినవాళ్ళు దాని మీద హెచ్‌ఎంటీ అని చదివే ఉంటారు. హైదరాబాద్‌లో హెచ్‌ఎంటీ నగర్ ఉంది, హెచ్‌ఎంటీ హిల్స్ ఉంది.

ఇంకొకటి చెప్పాలి, ఎందుకంటే ఇందులో నేను డబ్బు పోగొట్టుకున్నాను. నాయన పైలట్ ఆగిపోయినప్పుడు, దాని విడిభాగాల కోసం ఆన్‌లైన్‌లో ఇంకో పైలట్ కొన్నాను. నారింజ రంగు డయలు, మిలమిల మెరుస్తోంది. వాచీ మెకానిక్ భూతద్దం పెట్టి ఒక్క చూపులో "ఇది బాంబే స్పెషల్ సార్" అన్నాడు. పాత వాచీ దేన్నో తీసుకుని, డయలుకు కొత్తగా రంగేసి, పైలట్ అని అచ్చుకొట్టి, చెత్తలో దొరికిన ముళ్ళు బిగించి అమ్మే సరుకును వాచీలు సేకరించేవాళ్ళు అలా పిలుస్తారట. నేను కొన్నదాని అక్షరాల అంచులు మసకగా ఉన్నాయి. నిమిషాల ముల్లు గీతలను అందుకోకుండా మధ్యలోనే ఆగింది. ముళ్ళ మీది పచ్చరంగు ఒక రకం, డయలు మీది చుక్కల రంగు ఇంకో రకం. మీరు ఎవరైనా పాత పైలట్ కొనాలనుకుంటే దయచేసి నల్ల డయలుదే చూడండి. వెనక మూత తీసి లోపల యంత్రం ఫోటో పెట్టమని అడగండి. డయలు కొత్తదానిలా తళతళలాడుతుంటే అనుమానించండి. నలభై ఏళ్ళ వాచీ నలభై ఏళ్ళ వాచీలాగే ఉండాలి.

కానీ ఆ నకిలీ కూడా పనికొచ్చింది. దాని లోపలిది అసలైన 020 యంత్రమే, ఏదో జనతాది అయి ఉంటుందని మెకానిక్ అన్నాడు. నాయన వాచీలో బ్యాలెన్స్ స్టాఫ్ విరిగింది. అంటే బ్యాలెన్స్ చక్రం ఇరుసు, అటూ ఇటూ సూది మొనల్లా ఉంటుంది. కింద పడి ఉంటుంది, పారాషాక్ కూడా కాపాడలేకపోయింది. నకిలీలోంచి బ్యాలెన్స్ మొత్తం తీసి ఇందులో పెట్టాడు. మిగతా చక్రాలన్నీ విప్పి పెట్రోల్‌లో కడిగి, ఆరబెట్టి, ఒక్కొక్క రాయికి సూదిమొనతో చుక్క నూనె వేశాడు. నేను పక్కన స్టూలు మీద కూర్చుని చూశాను. చక్రం దించేటప్పుడు ఆయన ఊపిరి బిగబట్టాడు. చక్రం దిగింది, ఒక్క క్షణం ఏమీ లేదు, తర్వాత దానంతట అదే అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది.

ఆ ఆదివారం వాచీ తీసుకుని తుమకూరు వెళ్ళాను. అత్తకు డెబ్బై దగ్గర పడ్డాయి, శుక్లాల ఆపరేషన్ అయింది. వాచీ చేతికిస్తే డయలు చూడలేదు, నేరుగా చెవికి ఆనించుకుంది. టీవీ ఆపమని సైగ చేసింది. చాలాసేపు విన్నది. తర్వాత తిప్పి, డయలు కిందికి వచ్చేలా పట్టుకుని మళ్ళీ విన్నది. కీ పైకి వచ్చేలా నిలబెట్టి ఇంకోసారి.

"పడుకోబెడితే బాగా పోతావుంది. నిలబెడితే ఉరుకుతావుంది. రోజుకు ఎంత ముందుకు పోతాది?"

"నలభై సెకన్లు అత్తా."

"హెయిర్ స్ప్రింగు ఒక పక్కకు వాలింది. మెకానిక్‌తో చెప్పు. వేరే వాచీ నుంచి తీసిన బ్యాలెన్స్ కదా, దాన్ని ఈ ఇంటికి అలవాటు చెయ్యాల."

మెకానిక్‌కు ఫోన్ చేసి అత్త మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. కాసేపు మాట్లాడకుండా ఉండి, "ఆ అమ్మ ఏ ఫ్యాక్టరీ సార్?" అని అడిగాడు. గురువారం తెమ్మన్నాడు.